ముషారఫ్ అధ్యక్షుడైంది ఎప్పుడు?

ప్రశ్న: గ్రూప్-2కు చదువుతున్నాం. ముషారఫ్ 1999లో పాకిస్థాన్ అధ్యక్షుడయ్యాడని మా నోట్సులో ఉంది. కడప లైబ్రరీలో చూసిన పుస్తకంలో 2001 అని ఉంది. ఏది రాయాలి సార్?
– ఇద్దరు స్నేహితురాళ్లు, ప్రొద్దుటూరు

జవాబు: 2001 రాయండమ్మా. అధికారం చేజిక్కడం, పదవి రావడం వేరువేరు. మీ నోట్సులో రెండూ కలిసిపోయాయి.

1999 అక్టోబరు 12న ముషారఫ్ కొలంబో నుంచి తిరిగొస్తుండగా ప్రధాని నవాజ్ షరీఫ్ ఆయన్ను సైన్యాధిపతిగా తీసేసి, ఐఎస్ఐ అధిపతి జియావుద్దీన్‌ను వేశారు. విమానాన్ని కరాచీలో దిగనివ్వలేదు. రావల్పిండిలోని జనరళ్లు ఆ ఉత్తర్వును లెక్కచేయలేదు. టీవీ కేంద్రం, ప్రధాని నివాసం, కరాచీ విమానాశ్రయం గంటల్లో వాళ్ల చేతికొచ్చాయి. తిరుగుబాటు చాలావరకు నాయకుడు ఇంకా విమానంలో ఉండగానే జరిగిపోయింది.

రెండు రోజులకు అత్యవసర పరిస్థితి ప్రకటించారు, రాజ్యాంగాన్ని పక్కనపెట్టారు. అయూబ్‌ఖాన్, జియావుల్‌హక్ లాంటి పాత సైనిక పాలకుల మాదిరి మార్షల్ లా (సైనిక పాలన) అడ్మినిస్ట్రేటర్ అనకుండా 'చీఫ్ ఎగ్జిక్యూటివ్' అని పేరు పెట్టుకున్నారు. అధ్యక్షుడు రఫీక్ తరార్‌ను మాత్రం కదపలేదు. తరార్ ఇక చీఫ్ ఎగ్జిక్యూటివ్ చెప్పినట్టు సంతకం పెట్టడమే.

పరీక్షకు చదివేవాళ్లు తొందరగా దాటేసేది కోర్టు సంగతి. అసలు విషయం అక్కడే ఉంది. 2000 జనవరిలో న్యాయమూర్తులందరినీ సైనిక ప్రభుత్వ ఉత్తర్వు కింద మళ్లీ ప్రమాణం చేయమన్నారు. ప్రధాన న్యాయమూర్తి సయీదుజ్జమాన్ సిద్దిఖీ ఒప్పుకోలేదు, పదవి పోయింది. ప్రమాణం చేసినవాళ్లతో నడిచిన సుప్రీంకోర్టే మే నెలలో 'అవసర సిద్ధాంతం' (తప్పని పరిస్థితిలో రాజ్యాంగ విరుద్ధమైన పని కూడా చెల్లుతుందనే వాదన) పేరుతో తిరుగుబాటును సమర్థించి, మూడేళ్ల గడువిచ్చింది. ఆ తీర్పు అండ లేకుండా తర్వాతి మెట్టు ఎక్కడం కష్టమయ్యేదని నా అభిప్రాయం.

2001 జూన్ 20న తరార్‌ను దించి తానే అధ్యక్షుడిగా ప్రమాణం చేశారు. నెల తిరక్కుండా ఆగ్రాలో వాజ్‌పేయితో చర్చలకు వచ్చింది ఆ హోదాతోనే. సైన్యాధిపతి పదవి వదిలింది మాత్రం 2007 నవంబరు 28న. ఆరేళ్లకు పైగా రెండు కుర్చీలూ ఆయనవే. ప్రశ్నలో 'సైన్యాధిపతి' అని ఉందా, 'అధ్యక్షుడు' అని ఉందా చూసుకుని తేదీ రాయండి. అధ్యక్ష పదవికి రాజీనామా 2008 ఆగస్టు 18న.

ప్రశ్న: ఆయన మన ఢిల్లీలో పుట్టినవాడేనా?
– ఒక పాఠకుడు, గుత్తి, అనంతపురం జిల్లా

జవాబు: అవును, 1943 ఆగస్టు 11న. దేశ విభజనప్పుడు కుటుంబం కరాచీ వెళ్లింది. 2023 ఫిబ్రవరి 5న దుబాయిలో చనిపోయారు, కరాచీలో ఖననం చేశారు.