మీ ఆయనకి మతి పోలేదు, నిద్ర కరువైంది

ప్రశ్న: మాది ఇందుకూరుపేట దగ్గర పల్లె. మా ఆయన నాలుగెకరాలు కౌలుకి తీసుకుని రొయ్యల గుంటలు వేశారు. వరసగా రెండు పంటలు వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బుతో పోయాయి. ఏడాదిగా రాత్రిళ్లు గుంట దగ్గరే ఉంటున్నారు. మేత డబ్బులు ఎవరికి ఎంత ఇచ్చారో కూడా మర్చిపోతున్నారు, చిన్నదానికే పిల్లల మీద అరుస్తున్నారు. మతి చెడిందంటాడు మా మరిది, దిష్టి తగిలిందంటుంది అత్తమ్మ. మొన్న "నేను లేకపోతే మీకీ బాధ ఉండదు" అన్నారు. మళ్లీ మామూలు మనిషవుతారా?

జవాబు: అమ్మా, మీరు చివర రాసిన మాటతోనే మొదలుపెడతాను, మిగతావి రేపు చూసుకోవచ్చు గానీ ఇది ఈరోజే చూడాలి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా" అని ఆయన్ని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని చాలామంది జంకుతారు, అలా జరగదు, లోపల నలిగేది బయటికొస్తుంది. అవునంటే ఒంటరిగా గుంటకి పంపకండి, ఇంట్లో, షెడ్డులో ఉన్న పురుగుమందులు వేరేచోటికి చేర్చండి, ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. 14416 టెలీ మానస్ ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ లైను, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడొచ్చు.

ఇక మతి సంగతి. టెన్షన్ పడ్డప్పుడు కిడ్నీల పైనున్న చిన్న గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్ వదులుతాయి. అది చెడ్డదేం కాదు, పొద్దున్నే మనల్ని లేపి నిలబెట్టేది అదే, కాకపోతే అర్ధరాత్రికి బాగా తగ్గిపోవాలి. మీ ఆయనకేమో అసలు భయం ఆ వేళకే మొదలవుతుంది. గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే కదా, కరెంటు పోయి, నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు ఆగితే పంటంతా తేలిపోతుందని చెవులు అటే పెట్టి పడుకునే మనిషికి ఒళ్లు ఎప్పుడు నెమ్మదిస్తుంది?

న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో బ్రూస్ మెక్‌యూవెన్ అనే శాస్త్రవేత్త 1968లో ఒక సంగతి బయటపెట్టారు: ఎలుకల్లో కార్టిసాల్ లాంటి హార్మోన్ మెదడులోకి వెళ్లి, జ్ఞాపకాలకి కీలకమైన హిప్పోకాంపస్ అనే భాగంలో పట్టుకుంటుందని. తర్వాత ఆయన ల్యాబ్‌లోనే, ఎలుకల్ని మూడు వారాలపాటు రోజూ కదలనీకుండా ఉంచితే అక్కడి నరకణాల కొమ్మలు కురచబడ్డాయని తేలింది. ఒత్తిడి ఆపేస్తే ఆ కొమ్మలు మళ్లీ పెరిగాయి కూడా. బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ అనే పరిశోధన సంస్థలో సుమంత్ర చటర్జీ బృందం ఇంకోటి చూసింది. భయాన్ని చూసుకునే అమిగ్డలా భాగంలో కొమ్మలు తగ్గకపోగా పెరిగాయి, మూడు వారాలు విశ్రాంతి ఇచ్చినా వెనక్కి తగ్గలేదు. ఎలుకల లెక్క మనుషులకి అచ్చంగా వర్తించదు, అయినా నేను మీకు చెప్పేదొకటుంది: ఆయన మతిమరుపు ముందు తగ్గి, ఉలికిపాటు, కోపం ఇంకొన్నాళ్లు ఉండొచ్చు. అప్పుడు నిరాశపడకండి.

కాబట్టి ముందు రాత్రిని సరిచేయాలి. మతి చెడిందన్న మరిదినే పిలిచి వారానికి నాలుగు రాత్రులు గుంట కాడ పడుకోమనండి, కుదరకపోతే కాపలాకి మనిషిని పెట్టుకోండి, అప్పుల్లో ఇంకో ఖర్చా అనకండి. కరెంటు పోతే ఫోన్ మోగే పెట్టెలున్నాయి, అదీ కనుక్కోండి. నిద్ర కోసం క్వార్టర్ వేసుకుంటుంటే, అది నిద్ర పట్టించి మధ్యలోనే లేపేస్తుందని చెప్పండి. అప్పులన్నీ ఇద్దరూ కూర్చుని ఒక నోటు బుక్కులో రాయండి, ఇన్నాళ్లూ ఆయన తలలో మోస్తున్నది అదే.

అత్తమ్మ దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, పెద్దావిడ మనసుకి ఊరట. దానితోపాటు షుగరు, బీపీ, థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించండి, వీటిలో తేడా ఉన్నా మతిమరుపు, చిరాకు వస్తాయి. కార్టిసాల్ పరీక్ష మీ అంతట మీరు చేయించి డబ్బు పోసుకోకండి. నెల్లూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, "నిద్ర పట్టట్లేదని చూపిద్దాం" అంటే వస్తారు, పిచ్చి డాక్టరంటే రారు. మందులిస్తే గుణం కనపడటానికి కొన్ని వారాలు పట్టొచ్చు, మూడో రోజుకే "ఏం పనిచేయలేదు" అని ఆపేయనివ్వకండి. ఆ రోజు మీరు కూడా డాక్టరుకి చూపించుకోవడానికి ఒక చీటీ రాయించుకోండి. ఏడాదిగా ఆయన ఎప్పుడొస్తారా అని మేలుకునే ఉంటున్నది మీరు కూడా కదా.