మా ఇంటి పత్రంలో డన్‌బార్టన్‌షైర్

"స్కాట్లాండ్ పాత పటాల్లో డన్‌బార్టన్‌షైర్ రెండు ముక్కలుగా ఎందుకుంటుంది? ఆ కౌంటీ ఇప్పుడు లేదు కదా?" అని అడిగారు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. అది లేదు అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. ఆ రెండు ముక్కల్లో చిన్నదానిలో, కంబర్నాల్డ్‌లో, మా ఇల్లుంది.

ఇల్లు కొన్నాక కొన్ని వారాలకు సొలిసిటర్ (ఇల్లు రిజిస్టర్ చేయించే లాయరు) ఆఫీసు నుంచి టైటిల్ షీట్ వచ్చింది. మన దగ్గర దస్తావేజు ఎలాగో ఇక్కడ అది అలాగ. దాని నంబరు ముందు డి.ఎం.బి. అని మూడక్షరాలున్నాయి. అవేమిటా అని వెతికితే డంబార్టన్ కౌంటీకి గుర్తట. గుండె గుభేలుమంది. మేము పన్ను కట్టేది నార్త్ లానార్క్‌షైర్ కౌన్సిల్‌కి. డంబార్టన్ ఊరేమో గ్లాస్గో దాటి అవతల, క్లైడ్ నది ఒడ్డున ఎక్కడో ఉంది. ఇంకెవరి ఇల్లో మా పేరున రాసేశారా అని ఒకటే టెన్షన్. మా పెదనాన్న సర్వే నంబరులో ఒక్క అంకె తప్పు పడినందుకు ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగడం చిన్నప్పుడు కళ్ళారా చూశాను. ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు. పొద్దున్నే ఫోన్ చేస్తే ఆఫీసులో ఒక పెద్దావిడ తీరిగ్గా చెప్పింది: "తప్పేమీ లేదమ్మా. భూమి లెక్కల్లో మీ వీధి వీధంతా డన్‌బార్టన్‌షైరే."

ఆ తర్వాత దొరికిందల్లా చదివాను. కౌంటీ కౌన్సిళ్ళు 1975 మే 16న రద్దయ్యాయి, నిజమే. కానీ స్కాట్లాండ్ భూమి రిజిస్టర్ మొదలైంది 1981లో. కౌంటీ కౌన్సిళ్ళు పోయిన ఆరేళ్లకు మొదలైన కొత్త రిజిస్టర్ కూడా పాత కౌంటీలవారీగానే నంబర్లు వేసుకుంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? రద్దయింది కౌన్సిల్, కౌంటీ కాదు. మనకు 1985లో మండలాలొచ్చాయి కదా, మా నాన్నగారి పాత కాగితాల్లో ఇప్పటికీ తాలూకా పేరే ఉంటుంది. పొలం ఎక్కడికీ పోలేదు.

ఇక ముక్కల సంగతి. మా వైపు కర్కింటిలాక్, కంబర్నాల్డ్ భూములు ఒకప్పుడు స్టర్లింగ్‌షైర్‌లో ఉండేవి, కామిన్ వంశం వాళ్ళవి. 1306లో రాబర్ట్ బ్రూస్ జాన్ కామిన్‌ను డంఫ్రీస్‌లో చర్చిలోనే చంపి రాజయ్యాడు. కామిన్ల భూములు ఫ్లెమింగ్ కుటుంబానికి దక్కాయి. ఆ ఇంటి మాల్కమ్ ఫ్లెమింగ్ డంబార్టన్ షెరీఫ్, అంటే రాజు తరఫున ఆ కౌంటీని చూసే అధికారి, అక్కడి కోట కూడా ఆయన చేతిలోనే ఉండేది. దాంతో ఈ భూములు కూడా డంబార్టన్ కింద జమయ్యాయి. మధ్యలో స్టర్లింగ్‌షైర్, లానార్క్‌షైర్ ఊళ్ళు అడ్డంగా ఉన్నా ఎవరూ పట్టించుకోలేదు. ఒక దొర సౌకర్యం కోసం జరిగిన పని ఆరువందల ఏళ్లు నిలిచింది.

నాకు అసలు కోపం 1996లో కౌన్సిళ్ళను మళ్ళీ విభజించిన తీరు మీద. ఈస్ట్ డన్‌బార్టన్‌షైర్ అని కొత్త కౌన్సిల్ పెట్టి అందులో బిషప్‌బ్రిగ్స్‌ను కలిపారు. అది లానార్క్‌షైర్ ఊరు. లెనాక్స్‌టౌన్‌ను కలిపారు, అది స్టర్లింగ్‌షైర్‌ది. తరతరాలుగా డన్‌బార్టన్‌షైర్‌లో ఉన్న హెలెన్స్‌బరాను తీసుకెళ్ళి ఆర్గైల్ అండ్ బ్యూట్‌లో పెట్టారు, మమ్మల్ని నార్త్ లానార్క్‌షైర్‌లో పడేశారు. పరిపాలన కోసం గీతలు మార్చుకోండి, ఎవరొద్దన్నారు? పాత పేరు తీసి కొత్త గీతకు తగిలించడం ఎందుకు? ఈనాటి పిల్లలు ఈస్ట్ డన్‌బార్టన్‌షైర్, వెస్ట్ డన్‌బార్టన్‌షైర్ కౌన్సిళ్ళు రెండూ కలిపితే పాత కౌంటీ వస్తుందనుకుంటున్నారు. రాదు.

ఇంకో మాట. ఊరు డంబార్టన్, కౌంటీ డన్‌బార్టన్‌షైర్. ఊరికి "మ", కౌంటీకి "న". రెండూ ఒప్పే. బ్రిటన్లు అనే పాతకాలపు జనం కోట అని అర్థమిచ్చే గేలిక్ (స్కాట్లాండ్ పాత భాష) మాట నుంచి వచ్చాయి. అచ్చుతప్పు అనుకుని దయచేసి ఎవరూ సరిదిద్దకండి. ఒక ఫారంలో కౌంటీ గడిలో నేను సరిగ్గా రాసి పంపితే, అవతలివాళ్ళు "న" కొట్టేసి "మ" పెట్టారు.

మా పక్కింటావిడ 1955లో ఇక్కడ న్యూ టౌన్ ప్రకటించకముందే, పాత కంబర్నాల్డ్ పల్లెలో పుట్టింది. ఏ క్రిస్మస్ కార్డు మీదైనా చిరునామా కింద డన్‌బార్టన్‌షైర్ అనే రాస్తుంది. చిరునామాలో కౌంటీ లేకపోయినా పోస్ట్‌కోడ్ ఉంటే ఉత్తరం చేరుతుంది కాబట్టి ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు నేనూ అలాగే రాస్తున్నాను.

మీరెప్పుడైనా గ్లాస్గో వైపు వస్తే కర్కింటిలాక్‌లో ఫోర్త్ అండ్ క్లైడ్ కాలువ గట్టెక్కండి. 1790లో పూర్తయిన కాలువ అది. గట్టు పట్టుకుని పడమటికి నడిస్తే లానార్క్‌షైర్ దాటి, గ్లాస్గో ఉత్తరపు అంచు మీదుగా క్లైడ్‌బ్యాంక్ చేరి, బౌలింగ్ అనే ఊరి దగ్గర క్లైడ్‌లో దిగుతుంది. చిన్న ముక్కలో బయల్దేరిన మీరు పెద్ద ముక్కలో తేలతారు.