ధర మార్చినా పాతదే కనిపిస్తోంది

ప్రశ్న: మాది వరంగల్ కొత్తవాడ. మేం నేసే దర్రీలు అమ్మడానికి షేర్డ్ హోస్టింగ్‌లో (చాలా సైట్లు ఒకే సర్వర్‌ను పంచుకునే చోట) వూకామర్స్ (వర్డ్‌ప్రెస్‌లో ఆన్‌లైన్ దుకాణం నడిపే ప్లగిన్) సైటు పెట్టాం. పేజీల కాపీలు దాచి చూపించే క్యాషింగ్ ప్లగిన్ వేశాక పేజీలు తొందరగా వస్తున్నాయి కానీ పాత ధరే చూపిస్తోంది. ఒకరి కార్ట్ ఇంకొకరికి కనిపించింది. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు కార్ట్ సంగతి చూడండి, ఆలస్యం వద్దు. ప్లగిన్ సెట్టింగుల్లో కార్ట్, చెకౌట్, మై అకౌంట్ పేజీలను క్యాష్ నుంచి తప్పించండి. లాగిన్ అయినవాళ్లకు క్యాష్ ఆపి, ఇప్పటికే దాచి ఉన్న క్యాష్ అంతా ఖాళీ చేయండి. తర్వాత రెండు ఫోన్లలో వేర్వేరు దర్రీలు కార్ట్‌లో వేసి మీరే చూసుకోండి. ధర మార్చాక పాతదే వస్తే మళ్లీ ఖాళీ చేయాలి. రెండు క్యాషింగ్ ప్లగిన్లుంటే ఒకటి తీసేయండి. ప్రీలోడ్ (ఎవరూ అడగకముందే పేజీల కాపీలు తయారుచేసి పెట్టడం) కూడా ఆపండి, షేర్డ్ సర్వర్‌కు అది బరువు. ఫొటోలు మాత్రం మరీ కుదించకండి. 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన నేత మీది, పోగు పోగూ కనపడాలి.