దుతివా వెళ్తున్న మేనకోడలికి: కుళాయి అడిగే ముందు

చి. శ్రావణికి ఆశీస్సులు.

నువ్వు పల్లెల్లో పనిచేసే కాంట్రాక్టు మీద దక్షిణాఫ్రికా వెళ్తున్నావు. అక్కడి ఎంబాషే మునిసిపాలిటీ అనగానే తెనాలిలాంటి ఊరేదో ఊహించుకుంటున్నావేమో, కాదమ్మా. దుతివా, విలోవేల్, ఇలియట్‌డేల్ అని మూడు చిన్న బస్తీలు, వాటి చుట్టూ కొండవాలుల మీద విసిరేసినట్టుండే ఖోసా జనం పల్లెలు, అన్నీ కలిపి ఒకే మునిసిపాలిటీ. మన లెక్కలో కొన్ని మండలాలు కలిపినంత. ఒకప్పుడిది ట్రాన్స్‌కై అనే ప్రాంతంలో భాగం. 1976లో తెల్లవాళ్ల సర్కారు దాన్ని 'స్వతంత్ర దేశం' అని ప్రకటించి చేతులు దులుపుకుంది, 1994లో తిరిగి దక్షిణాఫ్రికాలో కలిసింది. పల్లెల్లో భూమి చాలావరకు ఉమ్మడిది కాబట్టి ఇంటి పన్ను పెద్దగా రాదు. మునిసిపాలిటీ బండి నడిచేది కేంద్రం ఇచ్చే గ్రాంట్ల మీదే.

కొత్తగా వెళ్లినవాళ్లు నెలల తరబడి తిరిగేది తప్పు ఆఫీసు చుట్టూ. నీళ్లు, మరుగుదొడ్లు ఎంబాషే పని కాదు, దానిపైన ఉన్న అమతోలే జిల్లా మునిసిపాలిటీ పని. దాని ప్రధాన కార్యాలయం ఈస్ట్ లండన్‌లో ఉంది. పల్లె లోపలి మట్టిరోడ్డు ఎంబాషేది. కరెంటు ఎస్కామ్ అనే ప్రభుత్వ విద్యుత్ సంస్థ నేరుగా ఇస్తుంది. బడి, ఆసుపత్రి బీషోలోని రాష్ట్ర ప్రభుత్వానివి. పింఛన్లు సాసా అనే ప్రభుత్వ సంస్థ చూస్తుంది. వార్డు కౌన్సిలర్ దగ్గరికెళ్లి "కుళాయి వేయించండి" అంటే ఆయన తల ఊపుతాడు, అంతే. మన సర్పంచిలా చెక్కు మీద సంతకం పెట్టే అధికారం ఆయనకు లేదు. ఖర్చుకు జవాబుదారీ మునిసిపల్ మేనేజరు. టెండరు కమిటీల్లో కౌన్సిలర్లు కూర్చోకూడదని చట్టమే చెబుతోంది. కాబట్టి టెండరు ఇప్పిస్తానన్న కౌన్సిలర్‌కు దూరంగా ఉండు.

ఆఫీసు సంగతికి ముందు ఊరి సంగతి చూడాలి. పల్లెలో అడుగుపెట్టగానే ఇసిబోండాను, అంటే ఊరి పెద్దను కలువు. ఆయన ద్వారా కొమ్‌ఖులుకు, అంటే ఇన్‌కోసి (ఆ ప్రాంతపు సంప్రదాయ నాయకుడు) కొలువుకు, కబురు పంపు. పిలిచాకే వెళ్లు. మోకాళ్లు దాటే పావడా, తలకు గుడ్డ, భుజాల మీద శాలువా ఉండాలి. పెద్దవాళ్లను తాతా, మామా అని పిలువు. ఇక్కడ తాతా అంటే తండ్రి, మామా అంటే తల్లి, ఆ వరసలు తారుమారు చేసుకోకు. వంశనామం తెలిస్తే దానితో పలకరించు, అంతకన్నా మర్యాద లేదు. ఇంబిజోలో, అంటే ఊరి సభలో, ప్రతి ఒక్కరూ మాట్లాడేదాకా సభ ముగియదు, గడియారం చూడకు. శనివారం మాత్రం సభ పెట్టమనకు, అంత్యక్రియలన్నీ ఆ రోజే జరుగుతాయి, ఒక్కరూ రారు. పింఛను పడే రోజులూ వద్దు. కేప్ టౌన్‌లో, గనుల్లో పనిచేసే మగవాళ్లు ఊళ్లకొచ్చేది డిసెంబరులో. అందరి మాటా కావాల్సిన నిర్ణయం ఏదైనా ఉంటే అప్పటికి పెట్టుకో.

ఇక కాగితం పని. మునిసిపాలిటీ ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. ఏ పల్లెకు ఏం చేస్తారో ఐడీపీ అనే ఐదేళ్ల ప్రణాళికలో రాస్తారు, ఏటా సవరిస్తారు. ముసాయిదా మార్చి 31లోగా కౌన్సిల్ ముందుకు రావాలి. ఆ తర్వాత జనం అభిప్రాయాలు తీసుకుంటారు, మే నెలాఖరుకల్లా ఆమోదానికి పెడతారు. ఏప్రిల్ సభలో లేచి అడిగితే ఆలస్యమైనట్టే, అప్పటికే డబ్బు పంచేసి ఉంటారు. సెప్టెంబరు నుంచి నవంబరులోగా వార్డు కమిటీ జాబితాలో నీ పల్లె పేరు ఎక్కించు. అదే వినతి అమతోలే ఐడీపీకి విడిగా పంపు. రెండూ వేర్వేరు పుస్తకాలు. ఎంబాషే పుస్తకంలో రాసినంత మాత్రాన నీళ్లు రావు.

వినతి ఒక్క పేజీ దాటకూడదు. పల్లె పేరు, వార్డు నంబరు, ఇళ్ల సంఖ్య, ఇప్పుడు నీళ్లు ఎక్కడినుంచి ఎంత దూరం మోస్తున్నారు, జీపీఎస్ గుర్తులు, ఇసిబోండా సంతకం ఉంటే చాలు. కనీస ప్రమాణం కూడా అందులో రాయి: మనిషికి రోజుకు 25 లీటర్లు, ఇంటికి 200 మీటర్లలోపు కుళాయి. కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోకుండా కౌంటరు వదలకు.

కుళాయి ఉండీ ఎండిపోతే ఫిర్యాదుకు ముందు గొట్టం వెంట నడువు. అదే ట్యాంకు మీద ఆధారపడ్డ పక్క పల్లెలో కూడా నీళ్లు లేకపోతే లోపం పైన ఉంది. పంపుకు డీజిలు అందలేదేమో, కేబులు ఎవరో కోసుకుపోయారేమో చూడు. పక్క పల్లెలో ధారగా వస్తూ నీ చివరనే లేకపోతే మధ్యలో గొట్టం పగిలిందనో, దొంగ కనెక్షన్ పెట్టుకున్నారనో, ఎవరో వాల్వు తిప్పేశారనో అర్థం. ఎండాకాలంలో కూడా ఒకచోటే పచ్చగడ్డి మొలిచి ఉంటే ఆ మట్టి కిందే లీకు. అక్కడ ఫోటో తీసి, జీపీఎస్ రాసుకుని, రిఫరెన్సు నంబరు అడిగి తీసుకో. "నీళ్లు రావట్లేదు" అని మాత్రం చెబితే మనిషిని పంపేందుకు వాళ్లకు ఏ ఆధారమూ ఉండదు.

ఈలోపు వాన నీళ్లు పట్టుకోమను. ఒక చదరపు మీటరు రేకు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 6 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల పొడవున్న రేకుల ఇంటి మీద 10 మిల్లీమీటర్ల వానకు 480 లీటర్లు లెక్క వస్తుంది, చిందింది పోగా 400 అనుకో. 5,000 లీటర్ల జోజో ట్యాంకు నిండితే, ఐదుగురికి 25 లీటర్ల చొప్పున 40 రోజులు సరిపోతుంది. గడ్డి కప్పిన గుండ్రటి ఇంటి మీది నీళ్లు వద్దు, రంగు మారి ఉంటాయి. నిండిన ట్యాంకు బరువు ఐదు టన్నులు. కింద నేల దిమ్మిస కొట్టి చదును చేయకపోతే ట్యాంకు ఒరిగి కుళాయి మొదట్లో పగులుతుంది, ఎక్కువ ట్యాంకులు పోయేది అలాగే. తొలి వాన నీళ్లను పారబోయమను. వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి మార్చిదాకానే కాబట్టి గట్టర్లు సెప్టెంబరులోనే బిగించాలి.

పేద కుటుంబాలను ఇండిజెంట్ రిజిస్టరులో ఎక్కించడం మరిచిపోకు. నెలకు 50 యూనిట్ల ఉచిత కరెంటు దానిమీదే వస్తుంది. పల్లెల్లో వీధి చిరునామా ఉండదు కాబట్టి గుర్తింపు కార్డుతో పాటు ఇసిబోండా ఇచ్చే నివాస పత్రం పట్టుకెళ్లాలి. ఉచిత యూనిట్ల టోకెను ఆ నెలలోనే తీసుకోవాలి, మిగిలింది వచ్చే నెలకు కలవదు. ముసలమ్మలు పోగొట్టుకునేది ఇక్కడే.

జవాబు రాకపోతే గొడవ పడకు. సమాచారం కోరే చట్టం 2000లోనే వచ్చింది. "మా వార్డుకు ఈ ఏడు ఏ గ్రాంటు కేటాయించారు, ఎంత ఖర్చయింది" అని రాసివ్వు, 30 రోజుల్లో బదులివ్వాలి. జూన్ 30కి ఖర్చు కాని గ్రాంటు, ప్రత్యేక అనుమతి లేకపోతే, వెనక్కి పోతుంది. అందుకే ఫిబ్రవరిలో అడిగిన ప్రశ్నకు మే నెలలో అడిగినదానికన్నా బలం ఎక్కువ.

కాగితాలన్నీ రెండు సెట్లు చేయించి ఒకటి ఊళ్లోనే, రాయడం వచ్చిన ఒక మామా దగ్గర పెట్టు. నీ కాంట్రాక్టు ఐడీపీ కన్నా ముందే అయిపోతుంది.

మీ మామయ్య