హెలోయిస్‌ని అడవిలోకి పంపే ముందు పెద్దమ్మ మాట ఒకసారి విను

బుజ్జీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి "అక్కా, ఇది రాత్రి రెండింటిదాకా లైటేసుకుని ఏదో టైప్ చేస్తా కూర్చుంటోంది, ఏంటే అంటే ఫాంటమ్ కథ అంటోంది, పొద్దున లేవలేక ఆఫీసులో మాట పడేలా ఉంది, నీ మాటైతే వింటది కాస్త చెప్పు" అని భారమంతా నా నెత్తిన పెట్టేసి హాయిగా సీరియల్ చూసుకోడానికి పోయింది. నాకైతే కాసేపు కాళ్ళు నేల మీద నిలవలేదు. అడవిలో ఉండే ముసుగు వీరుడు ఫాంటమ్ బొమ్మల కథలు వేసిన ఇంద్రజాల్ కామిక్స్ పిచ్చి మన ఇంట్లో నాతోనే ఆఖరనుకున్నా. మా నాన్న "ఆడపిల్లకి ఈ ముసుగోడి బొమ్మలేంటి" అని తిట్టినా లెక్కల పుస్తకంలో పెట్టుకుని చదివినదాన్ని, నాకు గర్వం ఉండదా చెప్పు. ఆ తర్వాత హెలోయిస్‌ని కొత్త ఫాంటమ్ చేసి నువ్వు రాసి పంపిన రెండు భాగాలూ చదివా. అప్పుడు మొదలైంది భయం. అందుకే వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా కాకుండా ఇలా ఒకేసారి రాస్తున్నా, తిట్టుకోకుండా చివరిదాకా చదువు.

మామూలు సంగతులు ముందే చెప్పేస్తా. పాత కథలు మళ్ళీ చదువు, అదీ ఒరిజినల్స్, ఎవరో రాసిన సారాంశాలు కాదు. రెండు మూడు భాగాలు చేతిలో ఉంచుకుని తర్వాతే మొదటిది పెట్టు. అచ్చుతప్పులు ఇంకొకళ్ళతో చూపించుకో. రాత్రి పన్నెండు దాటాక రాయకు (ఇది మీ అమ్మ కోసం). ఫాంటమ్ డ్రెస్సు రంగు మీద ఎవరితోనూ వాదన పెట్టుకోకు, అమెరికాలో ఊదా, స్వీడన్‌లో నీలం, ఇటలీలో ఎరుపు, లోకమంతా తిరిగొచ్చిన బట్టలవి, నీకేది నచ్చితే అది వేసుకో.

ఇంకొకటి, ముప్పై ఏళ్ళు బ్యాంకులో కాగితాల మధ్య బతికినదాన్ని కాబట్టి ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఫాంటమ్ నీ సొత్తు కాదు, నాదీ కాదు, పేపర్లకి బొమ్మల కథలు అందించే కింగ్ ఫీచర్స్ కంపెనీ వాళ్ళది. ఆ పాత్రని పుట్టించిన రచయిత లీ ఫాక్ 1936 ఫిబ్రవరి 17న పేపర్లో మొదలుపెట్టాడు. అమెరికాలో అప్పటి వాటికి కాపీరైట్ 95 ఏళ్ళ లెక్క. 1929లో పుట్టిన పొపాయ్ అనే బొమ్మల పాత్రకి ఆ గడువు మొన్న 2025 వచ్చేసరికి తీరింది, మనవాడికి ఇంకా తీరలేదు. అభిమానంతో రాసి ఊరికే చదివించడం వేరే, దాన్ని పుస్తకం వేసి అమ్మడం వేరే. ఎవరో టీషర్టులు వేద్దామంటున్నారని రాశావు చూడు, వద్దు. పైసా తీసుకోకు. పాత పుస్తకాల పేజీలు స్కాన్ చేసి కథ మధ్యలో అతికించకు. పాత్రలు ఎవరివో మొదట్లోనే స్పష్టంగా రాసెయ్. దాంతో అన్నీ చెల్లిపోతాయని కాదు గానీ నిజాయితీగా ఉంటుంది. నాకు కోర్టు అనే మాట వింటేనే కడుపులో తిప్పుతుంది, నీకు తెలుసు కదా.

ఇక కథలోకొస్తా. తండ్రి పోతే కొడుకు ముసుగు వేసుకునే ఆ వంశంలో 22వ ఫాంటమ్‌గా ఇరవై ఒకటోవాడి కొడుకు కిట్‌ని కాకుండా వాడితో కవలగా పుట్టిన హెలోయిస్‌ని నిలబెట్టావు, శభాష్. ఎవరైనా "ఆడపిల్ల ఫాంటమ్ ఏంటి, ఇదేం ఫ్యాషన్" అంటే జూలీ పేరు చెప్పు. 17వ ఫాంటమ్ చెల్లెలు, కవల, అన్న లేవలేని పరిస్థితిలో ఆ ముసుగు తనే వేసుకుంది, రాసింది లీ ఫాక్ గారే. అసలు పాత కథని పాఠకుల కోసం మార్చుకోకూడదన్న రూలు ఎక్కడుంది? ఇంద్రజాల్ వాళ్ళే మార్చారు. 1964లో మన దగ్గర మొదలుపెట్టినప్పుడు ఫాంటమ్ ఉండే బెంగాలీ అన్న దేశం పేరు మనవాళ్ళకి తికమక అని డెంకాలీ చేశారు, కథలోని సింగ్ అనే ఓడ దొంగల ముఠాని సింగా దొంగలన్నారు. మేమంతా డెంకాలీ అనే దేశం నిజంగా మ్యాపులో ఉందనుకుని అట్లాసు వెతికాం. కాబట్టి మార్చు, ధైర్యంగా మార్చు. నా బెంగ ఎక్కడంటే నువ్వు మార్చినది తప్పు చోట.

రెండో భాగంలో హెలోయిస్‌ని ఒక్క గుద్దుతో జీపు తిరగేయించావు. ఏంటమ్మా ఇది? 1986లో డిఫెండర్స్ ఆఫ్ ద ఎర్త్ అని టీవీ కార్టూన్ ఒకటొచ్చింది, అందులో ఫ్లాష్ గోర్డన్, మాండ్రేక్‌ల పక్కన మన ఫాంటమ్‌నీ నిలబెట్టారు. పక్కవాళ్ళ ముందు చిన్నబోతాడనుకున్నారేమో, పది పులుల బలం రమ్మని పిలిస్తే ఒంట్లోకి వచ్చేసేలా చేశారు. నాకస్సలు మింగుడు పడలేదు. పది పులుల బలం అనేది అడవిలో జనం చెప్పుకునే మాట, అంతే. నిజంగా వచ్చేస్తే ఇక వాడి గొప్పేముంది? ఫాంటమ్‌కి ఎగరడం రాదు, గుండు తగిలితే రక్తం కారుతుంది, చచ్చిపోతాడు కూడా, ఇరవై మంది అలా పోయాకే కదా ఇరవై ఒకటోవాడు వచ్చింది. ఆ జీపు తీసెయ్. లేదా టైరు గాలి తీయించు, అది నమ్ముతా.

ఇప్పుడు అసలు సంగతి. నీకెప్పుడూ చెప్పలేదు గానీ ఫాంటమ్ కథ సొంతంగా రాసే పిచ్చి మీ కాలానిదే కాదు. మేం కర్నూల్లో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో ఒక లిఖిత పత్రిక నడిపేవాళ్ళం. పొడుగు నోటుబుక్కు కాగితాలు దారంతో కుట్టి, ఖాకీ అట్ట వేసి, గది గదికీ తిప్పేవాళ్ళం, చదివినవాళ్ళు చివరి పేజీల్లో అభిప్రాయం రాయాలి. నా రూమ్మేట్ ఒకతి బొమ్మలు భలే వేసేది, కథలూ తనే. నాది చేతిరాత బావుంటుందని సాపు కాపీ నా పని. ఆమె ఒకసారి ఫాంటమ్‌ని నల్లమలకి తీసుకొచ్చింది. పులిచర్మాల దొంగలు చెంచు గూడెం మీద పడితే హీరో అనే తన తెల్లగుర్రం మీద మనవాడు శ్రీశైలం కొండల్లో దిగుతాడు. కొండ అంచున తేనె పట్టు కోసం దిగిన పిల్లాడు మధ్యలో వేలాడుతుంటే ఫాంటమ్ ఇంకో తాడు వేసుకుని సర్రున దిగి వాణ్ణి భుజాన వేసుకుని పైకొస్తాడు. ఆ బొమ్మ పేజీ నిండా వేసింది. కింద లోయ, గాల్లో తేనెటీగలు, కొండ పైన చెంచులంతా చేతులు జోడించి వరసగా. హాస్టలంతా ఆ పేజీ దగ్గరే ఆగిపోయింది.

మా కింద గదిలో ఒక ఫారెస్టు గార్డు కూతురు ఉండేది, ఆత్మకూరు పక్క పిల్ల, మాటలు తక్కువ. పుస్తకం తన దాకా వెళ్ళింది. అభిప్రాయం రాయకుండా పట్టుకుని పైకొచ్చి ఆ బొమ్మ మీద వేలు పెట్టి "ఈ తాడు పైన ఎవరు పట్టుకున్నారు?" అంది. చెట్టుకు కట్టాడులే అంది రూమ్మేటు. "తేనెకు దిగేటోళ్ళు చెట్టును నమ్మరు. బామ్మర్దే పట్టుకోవాల. అన్నదమ్ములైతే ఏమైనా మనసులో పెట్టుకుంటారేమో గానీ, బామ్మర్ది సొంత అక్క తాళి తెంపుకోడు గదా" అంది ఆ పిల్ల. మేం నోరు తెరుచుకుని వింటున్నాం. అంతటితో ఊరుకోకుండా పేజీలు వెనక్కి తిప్పి "ఇంత కథలో ఒక్క చెంచాయనకన్నా పేరుందా? ఆ కొండలు వాళ్ళకు తెల్సినట్లు ఇంగెవురికి తెల్సు, వాళ్ళు పైన నిలబడి దండం పెట్టుకుంటా ఉంటే ఈయప్ప ఎక్కడ్నుంచో వచ్చి వాళ్ళ పిల్లోణ్ణి వాళ్ళకే తెచ్చి ఇచ్చినాడా?" అంది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామన్నట్టు అడిగింది.

రూమ్మేటు ఆ పిల్ల ముందు నవ్వేసింది. రాత్రి భోజనాల తర్వాత చూస్తే ఆ కథ పేజీలన్నీ దారం దగ్గర్నుంచి చింపి స్నానాల గది బయట నీళ్ళ కాగు పొయ్యిలో పెడుతోంది. నేను చూస్తుండగానే ఆ పేజీ నిండా ఉన్న బొమ్మ కూడా. ఎందుకే అంటే "మనకు రాయడం రాదులే" అంది. అంతే, ఆ తర్వాత ఒక్క కథ రాయలేదు, ఒక్క బొమ్మ వేయలేదు, పత్రిక కూడా ఆగిపోయింది. ఇప్పుడు మనవలతో ఉంది, ఫోన్లో మాట్లాడుకుంటాం, ఆ ఊసెత్తితే మాట మార్చేస్తుంది. నాకు మాత్రం కడుపు రగిలిపోతుంది బుజ్జీ. చెంచుల్ని గుంపుగా రాయడం ఒక తప్పు, సరే, వయసు అలాంటిది, మేం చదివిన పుస్తకాలూ అలాంటివే. కానీ ఒక మనిషి ఇంత పెద్ద సాయం నడుచుకుంటూ వచ్చి చేతిలో పెట్టి పోతే దాన్ని తిట్టు అనుకుని పొయ్యిలో వేసింది చూడు, అది అసలు తప్పు. బామ్మర్ది తాడు పట్టుకున్న బొమ్మ ఒకటి వేసుంటే చాలు, కథ ఎక్కడికో పోయేది.

ఇదంతా నీకెందుకంటే నీ రెండు భాగాల్లో ఆ అడవిలోని బందార్ తెగ నాయకుడు గురాన్ ఒక్కసారే వచ్చాడు, అదీ తల ఊపడానికి. బందార్లు చెట్ల వెనక నుంచి చూస్తూ ఉన్నారు. పాత కథల్లో ఒక తెల్లాయన అడవి జనానికంతా పెద్దదిక్కుగా కూర్చోవడం ఈ రోజుల్లో చదివేవాళ్ళకి గొంతు దిగదు, దిగకూడదు కూడా. దానికి మందు ఆ కథలోనే ఉంది. 1536లో ఓడ మీద దొంగలు పడి తండ్రిని చంపేస్తే ఒడ్డుకి కొట్టుకొచ్చిన మొదటివాణ్ణి బతికించింది ఎవరు? బందార్లు. ఫాంటమ్ చావడు అని లోకమంతా నమ్ముతుంటే, చస్తాడని, తండ్రి పోతే కొడుకు ముసుగు వేసుకుంటాడని తెలిసినవాళ్ళు ఎవరు? వాళ్ళే. నాలుగొందల ఏళ్ళు తరం తర్వాత తరం నోరు జారకుండా దాచారంటే, ఆ చావులేనితనం ఎవరి చేతిలో ఉన్నట్టు? కండల్లో లేదు, వేలికున్న పుర్రె ఉంగరంలో లేదు. వాళ్ళు రేపు పొద్దున "మాకిక ఓపిక లేదు" అంటే ఫాంటమ్ అనేవాడే లేడు.

మరి హెలోయిస్ వచ్చింది. ఎత్తు వేరే, గొంతు వేరే, నడక వేరే. ప్రతివాడి చేతిలో ఫోన్, ఒక్క వీడియో చాలు పాత వాటితో పక్కపక్కన పెట్టి చూడ్డానికి. పైనుంచి శాటిలైట్లు అడవంతా ఫొటోలు తీస్తున్నాయి, ఫాంటమ్ ఉండే గుహ, ఆ స్కల్ కేవ్ ఎలా దాగుతుంది? నువ్వు దీన్ని "ఒక ప్రత్యేకమైన పరికరం" అని ఒక్క లైనులో దాటేశావు. దాటకు. కథంతా అక్కడే ఉంది. బందార్లలో హెలోయిస్ వయసు పిల్ల ఒకతి ఆ దేశ రాజధాని మావిటాన్‌లో చదువుకుని వచ్చిందనుకో, పేరు పెట్టు, ఆ పిల్లకి ఫోన్ ఉంటుంది కదా, "మా తాతలు నీ తాతల కోసం అబద్ధం ఆడారు, నేనెందుకు ఆడాలి" అని అడిగిందనుకో. హెలోయిస్ ఏం చెప్తుంది? నాకూ తెలీదు, తెలుసుకోవాలనుంది, అందుకే చదువుతా. పిస్టళ్ళు, గుర్రాలు తర్వాత చూసుకోవచ్చు.

పాత వస్తువుల్ని కూడా ఊరికే పారేయకు. మిస్టర్ వాకర్, బాక్స్ నంబర్ 7, మావిటాన్ అని ఉత్తరం రాస్తే ఫాంటమ్‌కి చేరేది గుర్తుందా? నువ్వు దాన్ని ఈమెయిల్ చేసేశావు. పోస్టాఫీసులో ఆ డబ్బా అలాగే ఉంచు. ఈ కాలంలో ఇంకా కాగితం మీద ఉత్తరం రాసేది ఎవరు, ఫోన్లో చెబితే ఎవరో వింటారని భయపడేవాళ్ళు. అలాంటివాళ్ళ ఉత్తరం ఒకటి ఆ డబ్బాలో పడిందంటే కథ దానంతటదే నడుస్తుంది. స్కల్ కేవ్‌లో ప్రతి ఫాంటమ్ చేత్తో రాసిన పుస్తకాలున్నాయి కదా, వాటిలో బందార్ల గురించి ఏం రాశారో, ఏం రాయలేదో హెలోయిస్‌తో చదివించు. హెలోయిస్ తల్లి డయానాని కూడా వంటింట్లో కూర్చోబెట్టకు, ఆవిడ ఐక్యరాజ్యసమితిలో పనిచేసిన మనిషి, 1977లో పెళ్ళయినంత మాత్రాన ఆ బుర్ర ఎక్కడికీ పోలేదు. కూతురు ముసుగు వేసుకుంటానంటే ఆవిడ ఊరికే ఒప్పుకుంటుందా? మీ అమ్మనే చూడు, రెండింటిదాకా లైటు వెలిగితేనే నాకు ఫోన్ చేసింది.

అన్నిటికన్నా నాకు దడగా ఉన్నది ఒకటే. నువ్వు చిన్నప్పుడు బొమ్మ వేసి, ఏనుగు తొండం వంకరగా ఉందని మీ తమ్ముడు అంటే చాలు, కాగితం నలిపి పడేసేదానివి. నేను ఆ ఉండలన్నీ విప్పి పరుపు కింద పెట్టి సాపు చేసేదాన్ని. ఇప్పుడు కాగితం కూడా లేదు, డిలీట్ అని ఒక్కటి నొక్కితే పోతుంది, నేను విప్పడానికి ఏమీ మిగలదు. రేపు ఎవరో ఏదో అంటారు. కొందరు చెత్తగా అంటారు, వాళ్ళని వదిలెయ్. ఒకళ్ళిద్దరు ఆ ఆత్మకూరు పిల్లలా అడుగుతారు, అప్పుడు ఒళ్ళు మండుతుంది, ఆ రోజుకి ఫోన్ పక్కన పెట్టి అన్నం తిని పడుకో. నేను పైన రాసిందంతా చదివినా నీకు ఒళ్ళు మండొచ్చు. మండనీ. కానీ ఆ రెండు భాగాలు తీసేశావని తెలిస్తే మాత్రం మీ ఇంటికొచ్చి కూర్చుంటా, నెల రోజులు కదలను.

నా పాత ఇంద్రజాల్‌లు బీరువా పైన ట్రంకు పెట్టెలో ఉన్నాయి, చెదలు పట్టకుండా కలరా ఉండలు వేసి ఉంచా. సంక్రాంతికి వచ్చినప్పుడు తీసుకుపో, నీకే. పిన్నులు తుప్పు పట్టాయి, పూర్తిగా తెరిచి నొక్కకు, కాగితం విరుగుతోంది. కొన్నిటికి అట్టలు లేవు, అది మీ అమ్మ చిన్నప్పుడు చేసిన ఘనకార్యం, అడిగితే ఒప్పుకోదు.

మూడో భాగం పీడీఎఫ్‌లో పంపు, అక్షరాలు పెద్దవి చేసి, నాకు ఫోన్లో ఆ చీమల్లాంటివి కనపడట్లేదు. గురాన్ కనీసం రెండు పేజీలు మాట్లాడాలి. మీ అమ్మకి నేను "చెప్పాలే, వింటోంది" అని చెప్తా, నువ్వు కూడా ఒక వారం తొందరగా లైటార్పు.

మీ పెద్దమ్మ