మెడల్ లేని పరుగుకు ఎందుకెళ్లాలంటే

ప్రశ్న ఇది: "ఎవరి జ్ఞాపకార్థమో పెట్టే ఛారిటీ పరుగుల్లో మెడల్ ఉండదు, టైమింగ్ ఉండదు. ఆ డబ్బేదో ఇంట్లో కూర్చునే పంపొచ్చు కదా? పొద్దున్నే లేచి పరుగెత్తడం దేనికి?"

పంపొచ్చు. ఎవరూ వద్దనరు. కాకపోతే ఈ మాట అన్నవాళ్లలో నిజంగా పంపినవాళ్లని నేనింతవరకు చూడలేదు.

నేను కెనడాలో, ఒంటారియోలోని బ్రాంప్టన్‌లో ఉంటాను. ఆఫీసుకు ముందు కాసేపు పరుగెత్తే రకం. చలికాలంలో ట్రెడ్‌మిల్, మంచు కరిగాక రోడ్డు. పది కిలోమీటర్ల టైమింగ్‌లో అర నిమిషం తగ్గితే ఆ వారమంతా ఇంట్లో నా కబుర్లు భరించడం కష్టమని మా ఆవిడ అంటుంది. అలాంటివాణ్ణి, టైమింగే లేని టెర్రీ ఫాక్స్ రన్‌ను మాత్రం ఏ ఏడూ వదలను.

టెర్రీ కథ ఇక్కడ బడిపిల్లలందరికీ తెలుసు, మనవాళ్లకే అంతగా తెలియదు. 1977లో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఎముక క్యాన్సర్ వచ్చి కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. ఆసుపత్రిలో తన పక్కన చిన్నపిల్లలు పడే బాధ చూశాడు. అంతకు కొన్నేళ్ల ముందు ఇదే జబ్బు వస్తే తను బతికే అవకాశం చాలా తక్కువనీ, పరిశోధన వల్లే అది పెరిగిందనీ డాక్టర్ల ద్వారా తెలిసింది. అందుకని పరిశోధనకు డబ్బు పోగుచేస్తూ కెనడాను ఆ కొస నుంచి ఈ కొసకు పరుగెత్తి దాటాలని 1980 ఏప్రిల్ 12న దేశానికి తూర్పు కొసన ఉన్న సెయింట్ జాన్స్‌లో బయల్దేరాడు. కృత్రిమ కాలితో, రోజూ దాదాపు ఒక మారథాన్, అంటే 42 కిలోమీటర్లు. మంచి కాలి మీద రెండు గెంతులు, ఆ తర్వాత కృత్రిమ కాలు, మళ్లీ రెండు గెంతులు. కొత్త బూట్లు కరిస్తేనే వారం రోజులు సెలవు తీసుకునే నాలాంటివాళ్లు ఆ పాత వీడియోలు చూడాలి. మొదట్లో పట్టించుకున్నవాళ్లే తక్కువ. జూలై 11కు టొరంటో చేరేసరికి సిటీ హాలు ముందు పదివేల మంది నిలబడ్డారు. సెప్టెంబరు 1న ఒంటారియోలోని థండర్ బే ఊరి దగ్గర ఆగిపోయాడు, క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. అప్పటికి 143 రోజులు, 5,373 కిలోమీటర్లు. మరుసటి ఏడాది జూన్ 28న పోయాడు, ఇరవై మూడు నిండకుండానే.

ఆ సెప్టెంబరులోనే మొదటి టెర్రీ ఫాక్స్ రన్ జరిగింది. మూడు లక్షల మంది వచ్చారు, 35 లక్షల డాలర్లు వచ్చాయి. ఏటా ఇలా జరపాలన్న ఆలోచన ఫోర్ సీజన్స్ హోటళ్ల వ్యవస్థాపకుడు ఇసడోర్ షార్ప్‌ది. ఆయన కొడుకు కూడా క్యాన్సర్‌తోనే పోయాడు. అంత పెద్ద హోటళ్ల యజమాని ముందుకు తెచ్చిన పరుగు, అయినా దానిమీద ఏ కంపెనీ పేరూ ఉండదు. టెర్రీ తన పరుగును వ్యాపారానికి వాడుకోనివ్వలేదు, వాళ్లమ్మ బెట్టీ బతికున్నంతకాలం ఆ మాట జారనివ్వలేదు. ప్రవేశ రుసుము లేదు, గెలిచినవాడు లేడు, ఓడినవాడు లేడు. ఎవరికి తోచింది వాళ్లు ఇస్తారు. ఇప్పటికి 85 కోట్ల డాలర్లు దాటింది.

ఇక్కడ ఒక గోడు చెప్పుకోవాలి. సెలవు మీద వచ్చినప్పుడు హైదరాబాద్‌లో ఒక ఛారిటీ పది కిలోమీటర్ల పరుగుకు వెళ్లాను. పేరెందుకులెండి. చీకట్లోనే డీజే, స్టేజీ మీద జుంబా, చెవులు చిల్లులు పడేలా యాంకర్ కేకలు, అచ్చం జాతర. జెండా ఊపాల్సిన ముఖ్య అతిథి రాలేదని మమ్మల్ని నిలబెట్టారు. ఆయన వచ్చి ఆరోగ్యమే మహాభాగ్యమని ప్రసంగం చేసేలోపు ఎండెక్కింది. టీషర్టు వీపు మీద లోగోలు తప్ప ఖాళీ లేదు. దేనికోసం పరుగో, ఎవరికి ఎంత వెళ్తుందో మాత్రం ఎక్కడా రాయలేదు. మెడల్ మాత్రం అరచేయంత ఇచ్చారు. నా సిద్ధాంతం ఏమిటంటే, టీషర్టు మీద లోగోలు పెరిగేకొద్దీ ఛారిటీకి చేరే సొమ్ము తగ్గుతుంది. ఆధారం అడక్కండి, నా దగ్గర లేదు, కానీ నిజమే అయ్యుంటుంది.

సరే, అసలు సంగతి. ఓ ఏడాది అమ్మ తెనాలి నుంచి వచ్చి మా దగ్గరుంది. ఇంట్లో ఒక్కతే ఎందుకని టెర్రీ ఫాక్స్ రన్ జరిగే పార్కుకు తీసుకెళ్లాను. చీర, పైన స్వెటర్, కాళ్లకు మా ఆవిడ స్పోర్ట్స్ షూస్. అక్కడ ఒక బల్ల మీద స్టిక్కర్లు పెడతారు. "నేను ఫలానావారి కోసం పరుగెత్తుతున్నాను" అని పేరు రాసి వీపుకు అంటించుకోవాలి. మా పిన్ని పేరు రాయమంటే అమ్మ ససేమిరా అంది.

"పోయినవాళ్ల పేరు వీపుకు అంటించుకుంటారట్రా ఎవరైనా? అశుభం."

నేను వాదించలేదు. స్టిక్కర్ ఆమె చేతిలోనే పెట్టి, నడిచేవాళ్ల చిన్న దారిలో వదిలేసి నా దారిన పోయాను. ఐదు కిలోమీటర్ల చుట్టు, నేను రెండు చుట్లు వేయాలి. చల్లటి గాలి, చదునైన దారి, కాళ్లు వాటంతటవే కదులుతున్నాయి. టైమింగ్ లేదన్నది పరుగు నిర్వహించేవాళ్ల మాట, నా వాచ్‌కు ఆ పట్టింపు లేదు. రెండో చుట్టులో, నా జన్మలో ఎప్పుడూ రానంత మంచి టైమింగ్ వచ్చేలా ఉన్నప్పుడు, రెండు దారులూ కలిసే చోట వెనకనుంచి కేక: "ఒరేయ్, ఆగరా! ఈయనేదో అడుగుతున్నాడు!"

ఆగాను. ఆగకపోతే ఊరుకునే మనిషి కాదు.

ఆమె పక్కన చేతికర్రతో ఒక పెద్దాయన, ఎర్ర టీషర్టులో. ఈ పరుగులో ఎర్ర టీషర్టు వేసుకునేది క్యాన్సర్ వచ్చి బయటపడ్డవాళ్లు. అమ్మకు ఆ సంగతి తెలియదు. మీరు ఎవరికోసం నడుస్తున్నారని ఆయన అడిగాడు, అంతే. నేను తెలుగులో చెప్పాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నా చెల్లెలు. రొమ్ము క్యాన్సర్ అని చెప్పు," అంది.

మా ఇంట్లో ఆ జబ్బు పేరు పెట్టి ఎవరైనా పలకడం నేను వినడం అదే మొదలు. పిన్ని పోయి ఎన్నో ఏళ్లయినా మాకది "గడ్డ", చుట్టాలకు "ఆ జబ్బు", ఊళ్లోవాళ్లకు "ఒంట్లో బాగుండక". పిన్నికైతే అదీ చెప్పలేదు. రిపోర్టులు బీరువాలో దాచి, నీరసానికి ఇంజక్షన్లని నమ్మబలికి గుంటూరు తిప్పారు. కూతుళ్ల సంబంధాలు చెడతాయని ఒకరు, తెలిస్తే బెంగతో పోతుందని ఇంకొకరు.

పెద్దాయన తనకు పెద్దపేగు క్యాన్సర్ వచ్చిందనీ, పేగు కొంత కోసేశారనీ, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు. నేను ఒక్కో ముక్కా తెలుగు చేస్తూ పోయాను. నడుస్తూ నడుస్తూ అమ్మ ఉన్నట్టుండి, "దానికి తెలుసురా," అంది. "ఒకరోజు నన్నే అడిగింది, అక్కా నాకు అదేనా అని. నేను కాదన్నాను. సరేలే, నువ్వు కాదన్నావని మిగతావాళ్లకి చెప్పు, వాళ్లు ఏడవకుండా ఉంటారు, అంది."

ఇది ఆయనకు ఇంగ్లీషులో చెప్పలేదు. ఆయనా అడగలేదు. తర్వాత కాసేపటికి అమ్మే నా పెన్ను తీసుకుని, నా వీపును బల్ల చేసుకుని, తెలుగులో పిన్ని పేరు రాసి తన స్వెటర్‌కు అంటించమంది. ముందువైపు. వీపుకు మాత్రం ఒప్పుకోలేదు.

నా టైమింగ్ సంగతి ఇక అడక్కండి.

అందుకే అంటున్నాను, ఇంట్లో కూర్చుని పంపిన డబ్బుతో పరిశోధన జరుగుతుంది, కాదనను. కానీ జబ్బును దాచే అలవాటు డబ్బుతో పోదు. రొమ్ములో గడ్డ తగిలినా సిగ్గుతో నెలల తరబడి చెప్పని ఆడవాళ్లు మన ఇళ్లల్లో ఇప్పటికీ ఉన్నారు. మొదట్లోనే పట్టుకుంటే నయమయ్యే అవకాశం ఎక్కువున్న జబ్బు, చేయి దాటాక ఆసుపత్రికి చేరుతోంది. గాజుల చప్పుడు వినిపించినంత మామూలుగా ఆ పేరు వినిపించే చోటు ఒకటి కావాలి. ఉపన్యాసాలతో, గులాబీ రంగు బెలూన్లతో అది రాదు. ఇది నా అభిప్రాయం, మార్చుకునే ఉద్దేశం లేదు.

మెడలే కావాలంటే అక్టోబరులో టొరంటో వాటర్‌ఫ్రంట్ మారథాన్ ఉంది, రుసుము కట్టండి, ఇస్తారు. నేనూ వెళ్తుంటాను. టెర్రీ ఫాక్స్ రన్ సెప్టెంబరు నడిమి ఆదివారాల్లో పడుతుంది, కెనడాలో మీరున్న ఊళ్లోనో పక్క ఊళ్లోనో తప్పకుండా ఉంటుంది. తల్లిదండ్రులు వచ్చి ఉంటే వాళ్లనీ తీసుకెళ్లండి, స్వెటర్ మరవకండి. కాస్త ముందే బయల్దేరండి, ఆలస్యమైతే పార్కింగ్ దొరకదు.