మరుగుజ్జుతనం కూడా వైకల్యమే అన్నా, వాళ్లు చెప్పింది తప్పు

దేవరకొండ అన్నా, మీ తమ్ముడికి 23 ఏళ్లు, ఎత్తు 4 అడుగుల 1 అంగుళం, అయినా "కాళ్లు చేతులు బాగానే ఉన్నాయి కదా, వికలాంగుడెట్లా అవుతాడు" అని సర్టిఫికెట్ ఇవ్వకుండా తిప్పి పంపారని రాశారు. 1995 వికలాంగుల చట్టం జాబితాలో మరుగుజ్జుతనం లేదు, ఆ పాత మాటే ఇంకా కొందరి నోట్లో ఉంది. దాని స్థానంలో వచ్చిన 2016 చట్టంలోని 21 వైకల్యాల్లో ఇదొకటి. పెద్దయ్యాక ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు, అంటే 147 సెంటీమీటర్లు, లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. మెలిక ఏంటంటే ఆ పొట్టితనం జన్యులోపం వల్లో జబ్బు వల్లో వచ్చిందై ఉండాలి, కాబట్టి చిన్నప్పటి నుంచి డాక్టర్లు రాసిన చీటీలు, ఎక్స్‌రేలు ఏవున్నా పారేయకుండా పట్టుకెళ్లండి. యూడీఐడీకి (దివ్యాంగుల గుర్తింపు కార్డు) ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి మెడికల్ బోర్డు ముందుకు వెళ్లాలి. కాళ్ల వంకర, వెన్ను సమస్య ఉంటే అవీ చెప్పండి, ఎందుకంటే వైకల్యం కనీసం 40 శాతం లేకపోతే కేంద్ర ఉద్యోగాల్లో దివ్యాంగుల 4 శాతం కోటా వర్తించదు.

నాది పాలమూరు, ఎత్తు 4 అడుగుల 3. వికలాంగుడు అనిపించుకోవడం నాకూ మొదట్లో నచ్చలేదు (మా అమ్మకైతే ఇప్పటికీ నచ్చదు), కానీ బస్సు మెట్టు, బ్యాంకు కౌంటరు నా కోసం కిందికి దిగవు కదా. ముందు తమ్ముడికి ఇష్టమో కాదో అడగండి.